పేరు లేని వాటా

కడియపులంక,
5 అక్టోబరు 2025.

చిరంజీవి వెంకటదుర్గని బాబాయి చంద్రరావు దీవించి రాసేది.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నీకు అనిపించవచ్చు. మీ నాన్న పెద్దకార్యం తరవాత నేను రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ నా మాట పూర్తికాకుండానే పెట్టేశావు. ఉత్తరమైతే పెట్టెయ్యడానికి వీలుండదు. మన బుల్లియ్య వారానికోసారి మొక్కల లోడుతో మీ నిజాంపేట వైపే వస్తున్నాడు కాబట్టి పోస్టాఫీసువాళ్ళ దయ కూడా అక్కర్లేదు.

విషయం ఏమిటంటే, దసరాకి పారలూ, అంటుకత్తులూ, మోటారూ కడిగి ఆయుధపూజ చేశాం. అన్నయ్య కంప్యూటర్ కూడా పనిముట్టే కదా అని దాన్నీ తుడిచి బొట్టు పెట్టింది మీ పిన్ని. పైపైన తుడిచి ఊరుకుంటే అది శుభ్రం కాదు, లోపల కూడా చెయ్యాలని నేను కూర్చున్నాను. నాకు కంప్యూటర్ రాదని నీ అభిప్రాయం. నర్సరీ సంఘం బిల్లులన్నీ రెండేళ్ళు కొట్టింది నేనే. సరే, ఏవో రెండు మూడు తీసేసి మూసేశాను. మర్నాడు చూస్తే అన్నయ్య మొక్కల చిట్టా కనపడటం లేదు. నేనేం చెయ్యలేదు. తనంతట తనే పోయింది.

ఆ చిట్టా లేకపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. అన్నయ్య రెండేళ్ళు కష్టపడి సంకరం చేసిన మందారాలు ఆరు వందల నలభై. ఒక్కోదానికీ నంబరు బిళ్ళ ఉంది తప్ప ఏ నంబరు ఏమిటో ఆ కంప్యూటర్‌కే తెలుసు. పోయే ముందు నెల నీతో ఫోనులో "దొరికిందమ్మా" అన్నాడని నువ్వే చెప్పావు. ఏం దొరికిందో నాకు చెప్పలేదు. ఆయన పోయాక వానలకి ముందు అన్నిటినీ ఒకే ఎత్తుకి కత్తిరించాను కాబట్టి ఇప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి. కౌలు నేల డిసెంబరు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. నేల ఆసామి ఉదయ్‌కుమార్ అక్కడ కల్యాణమండపం కడతాడట. మన పెరట్లో పాతిక కుండీలకి మించి చోటు లేదు. మిగతావి హైవే మధ్య డివైడర్లో నాటేవాళ్ళకి ఇచ్చెయ్యాల్సిందే. ఏది ఉంచాలో నువ్వు తేల్చి చెప్పాలి.

ఉత్తరాన్ని వట్టి చేతులతో పంపడం ఎందుకని ఒక మొక్క కూడా పంపుతున్నాను. గిడసబారిపోయింది, ఆకు ముడతలు, ఏ లారీకీ ఎక్కేది కాదు. చిన్న మొగ్గ ఉంది కానీ దారిలోనే రాలిపోతుంది. నీ బాల్కనీకి అది చాలు.

ఇట్లు,
చంద్రరావు.


హైదరాబాద్,
9 అక్టోబరు.

బాబాయిగారికి దుర్గ నమస్కారాలు. పిన్నిని అడిగానని చెప్పండి. ఆవిడకి మాత్రమే.

ఉత్తరం చివరిదాకా చదివాను. ఏ డిస్కూ తనంతట తను పోదు. అయిదేళ్ళుగా పాడైన డిస్కుల్లోంచి పోయినవి బయటికి తీసే పనే చేస్తున్నాను, తనంతట తను పోయినదాన్ని ఇంతవరకూ చూడలేదు. ప్రతి ఒక్కరూ మాత్రం ఆ మాటే అంటారు.

మీకు అర్థమయ్యేలా చెప్తాను. ఒక ఇంట్లో గోడలు కట్టి వాటాలు వేసినట్టు ఆ డిస్కుని మూడు వాటాలు చేశాను. అందులో ఒకటి ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసింది. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి అది పేరు లేకుండా, ఖాళీగా కనపడుతుంది. అలా కనపడాలనే నాన్న నా చేత పెట్టించుకున్నారు. ఎవరో ఒకరు వచ్చి వేలు పెడతారని ఆయనకి ముందే తెలిసినట్టుంది.

మీరు సరిగ్గా ఏం నొక్కారో రాయండి. ఏం అనుకున్నారో వద్దు, ఏం నొక్కారో చాలు. ఈలోగా ఆ కంప్యూటర్‌ని ఆన్ చెయ్యొద్దు. అలాగే బుల్లియ్యకిచ్చి పంపండి. దాంతోపాటు ఎర్ర పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటుంది. ఆ వాటా తాళానికి నకలు అందులో దాచి, భద్రంగా పెట్టుకోమని నాన్నకి ఇచ్చాను. అది ఉంటే అరగంట పని. పాస్‌వర్డ్ నాకు తెలుసు, దాని గురించి మీరు శ్రమపడక్కర్లేదు.

మొక్క చేరింది. బుల్లియ్య కూడా దాన్ని నాకివ్వడానికి సిగ్గుపడ్డాడు.

దుర్గ.


కడియపులంక,
14 అక్టోబరు.

దుర్గకి బాబాయి ఆశీస్సులు. ఇన్ని తిట్లు తిన్నాక కూడా ఆశీస్సులే పంపుతున్నానని గమనించు.

ఏం నొక్కానో రాయమన్నావు. ఆ పేరు లేని వాటా మీద కుడివైపు నొక్కితే "డిలీట్" అని ఉంది. నొక్కాను. నిజంగా తీసెయ్యాలా అని అడిగింది. ఖాళీదే కదా అని అవునన్నాను. అక్కర్లేని మాటని అక్కడ రాసిపెట్టినవాడిది తప్పా, చదివి నొక్కినవాడిది తప్పా? పైగా ఖాళీగా కనపడేట్టు చేసింది నువ్వు. ఇంట్లో నిండుగా ధాన్యం పోసిన గదికి ఖాళీ గది అని బోర్డు పెట్టి, ఎవడో వచ్చి సున్నం వేశాడని ఏడిస్తే ఎలా? పోయినవి వెతికే ఉద్యోగం చేసేవాళ్ళు పోకుండా ఉండే మార్గం చూసుకోరేమో.

కంప్యూటర్ ఆన్ చెయ్యలేదు. ఆఫ్‌లోనే ఉందో లేదో చూడటానికి ఒకసారి మాత్రం ఆన్ చేశాను.

ఇక పెన్‌డ్రైవ్. అన్నయ్య దాన్ని పసుపు గుడ్డలో కట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. భద్రమంటే ఆయనకి అదే. ఆయుధపూజ నాడు మీ పిన్ని ఆ మూటని కంప్యూటర్ మీద బంతిపూల దండతో కలిపి వేసిందట. పూజ అయ్యాక నిర్మాల్యం చెత్తబుట్టలో వెయ్యకూడదు కదా, మామూలుగానే తీసుకెళ్ళి కాలవలో కలిపింది. మూడు రోజులుగా మనిషి అన్నం సరిగ్గా తినడం లేదు. నువ్వు ఆవిడని ఏమీ అనకు. అనాలనుకుంటే నన్ను అను, నీకు అలవాటే.

కంప్యూటర్‌ని గోనెపట్టాలో చుట్టి, దెబ్బ తగలకుండా చుట్టూ కొబ్బరి పొట్టు కూరి పంపుతున్నాను. నలభై ఏళ్ళుగా దేశమంతా మొక్కలు పంపినవాణ్ణి, ఒక్కటి విరగలేదు.

చంద్రరావు.


హైదరాబాద్,
20 అక్టోబరు.

బాబాయిగారికి,

కంప్యూటర్ చేరింది. ఫ్యాన్ లోంచి కొబ్బరి పొట్టు తియ్యడానికి ఒక పూట పట్టింది. మొక్కైతే ఈపాటికి వేళ్ళు కూడా వేసేది.

డిస్కుకి అచ్చంగా నకలు తీసి, అసలుది పక్కన పెట్టి, నకలు మీద పని చేస్తున్నాను. వట్టి డిలీట్ అయితే కంగారు లేదు. గోడ పడగొట్టినంత మాత్రాన గదిలో సామాను పోదు. కానీ మీరు రాసిన దాంట్లో సగం కూడా నిజం లేదు. ఆ చోటులో కొత్త వాటా సృష్టించి, దాన్ని ఫార్మాట్ చేసి, "శ్రీ" అని పేరు పెట్టి, అందులో నలభై ఒక్క వీడియోలు ఎక్కించారు. ద్రాక్షారామం అభిషేకం, మా చెల్లి శారీ ఫంక్షన్, మీరు సంఘంలో ఉపన్యసించినది రెండుసార్లు. ఇవన్నీ నాన్న రాసుకున్న వాటి నెత్తిమీదే కూర్చున్నాయి. మీ ఉపన్యాసం కింద ఏ మొక్క నలిగిపోయిందో ఇక ఎవరూ చెప్పలేరు.

అడగక తప్పడం లేదు కాబట్టి అడుగుతున్నాను. ఇది పొరపాటేనా? చిట్టా లేకపోతే ఆరు వందల నలభై మొక్కల్ని ఎవరికీ జవాబు చెప్పకుండా లారీ ఎక్కించెయ్యొచ్చు. నాన్న సంకరాలని "ముసలాడి ముచ్చట" అని మీరు పదిమందిలో అనడం నేను విన్నాను.

మీరు పంపిన మొక్క ఒక పువ్వు పూసింది. నీరుల్లి తొక్క రంగు. దానికి కూడా మీ పోలికే వచ్చింది. మూడు రోజులైంది, ముడుచుకోదు, రాలదు. వెళ్ళాల్సిన వేళ తెలియని చుట్టంలా నోరు తెరుచుకుని అలాగే ఉంది.

దుర్గ.


కడియపులంక,
26 అక్టోబరు.

దుర్గకి,

నీ ఉత్తరం మీ పిన్ని చేత చదివించుకున్నాను. మధ్యలో ఆవిడ ఆపేస్తే, ఆపకుండా చదవమన్నాను.

కొత్త వాటా వేసిన మాట నిజం. డిలీట్ చేశాక అక్కడ నల్లగా కనపడింది, పూజ పూట నల్లగా ఉండటం బాగాలేదని పేరు పెట్టి దేవుడి వీడియోలు వేశాను. నీకు చెప్తే నవ్వుతావని చెప్పలేదు. నవ్వడానికి బదులు దొంగని చేశావు.

నలభై ఏళ్ళు అన్నయ్యా నేనూ ఒకే మడి గట్టు మీద కూర్చుని అంట్లు కట్టాం. ఆయన కళ్ళకి పొర వచ్చాక సన్నపు అంట్లన్నీ నేనే కట్టాను. అలాంటిది, అన్నయ్య చివరికి తాళం తీసుకెళ్ళి నీకిచ్చాడు. ఏడాదికి నాలుగు రోజులు వచ్చి, మట్టి అంటకుండా చెప్పులేసుకుని మళ్ళలో తిరిగే నీకు. ఎవరో వేలు పెడతారని పెట్టించుకున్నాడని రాశావు. ఆ ఎవరో నేనేనా? ఆ ఒక్క మాటకి నాకు రెండు రోజులు పని చెయ్యబుద్ధి కాలేదు.

ఆ పువ్వు సంగతి. మందారం పొద్దున్న విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుందని కడియంలో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. మూడు రోజులు పూసింది మూడు పువ్వులై ఉంటాయి. మూడు పువ్వులకీ ఒక పువ్వుకీ తేడా తెలియనిదానివి ఆరు వందల నలభైలో ఒకటి ఏరి పెడతావా? మా ఖర్మ.

ఉదయ్‌కుమార్ మాట మార్చాడు. నవంబరు మొదటి వారంలోనే జేసీబీ వస్తుందట. నీ నకళ్ళ కోసం అది ఆగదు. నేను కంటితో చూసి, బాగా ఎదిగినవి ఇరవై నాలుగు ఏరుతున్నాను. మొక్క మంచిదో కాదో చెప్పడానికి నాకు పాస్‌వర్డ్ అక్కర్లేదు.

చంద్రరావు.


హైదరాబాద్,
2 నవంబరు.

బాబాయిగారికి,

మిమ్మల్ని దొంగ అన్నది తప్పే. వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావేవీ తీసుకోవడం లేదు.

పని సంగతి. ఆ వాటాకి తాళం మొదట్లో ఉంటుంది. మీరు ఫార్మాట్ చేసినప్పుడు అది చెరిగిపోయింది. కానీ దాన్ని తయారుచేసినవాళ్ళకి మీలాంటివాళ్ళు ఉంటారని తెలుసు. అందుకని అదే తాళం ఇంకో నకలు వాటా చిట్టచివర కూడా ఉంటుంది. మీ వీడియోలు అంతదూరం రాలేదు. ఇక ఆ చివర సరిగ్గా ఎక్కడుందో కనుక్కోవాలి. గోడ లేదు కాబట్టి ఒక్కో అడుగూ తడిమి చూడాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా పాస్‌వర్డ్ తప్పు అంటుంది. వారం పది రోజులు పడుతుంది.

అప్పటిదాకా ఒక్క మొక్కని కూడా లారీ ఎక్కించొద్దు. మీరు ఏరడం అసలొద్దు. నాన్నకి కావలసింది ఏపుగా ఎదిగే మొక్క అయితే రెండేళ్ళు ఎందుకు కష్టపడతారు? ఎదిగిన మొక్కని ఎదిగిందని చెప్పడానికి కన్నెందుకు, కొలబద్ద చాలు.

పువ్వులు లెక్కపెట్టడం రాదన్నారుగా. అందుకని మీ మొక్కని కొమ్మలు కత్తిరించి మా అంతస్తులో లిఫ్టు పక్కన పెట్టేశాను. ఎవరో అందులో టీ పారబోస్తున్నారు. అదైనా దానికి గౌరవమే.

దుర్గ.


కడియపులంక,
9 నవంబరు.

దుర్గకి,

నీ ఉత్తరం బుల్లియ్య తెచ్చేసరికి జేసీబీ మడి గట్టు మీదుంది. ఉదయ్‌కుమార్‌ని రెండు వారాలు ఆగమని అడిగాను. నేను ఒకళ్ళని బతిమాలడం మీ పిన్ని మొదటిసారి చూసింది. మూడు రోజులు ఆగాడు.

ఏడో తారీకున మిగతా మొక్కలన్నీ రెండు లారీలకి ఎక్కాయి. ఈపాటికి డివైడర్లో నాటేసి ఉంటారు. ఇరవై నాలుగు పెరట్లో ఉన్నాయి. మంచివే ఉంచాననుకుంటున్నాను. అనుకుంటున్నానని రాస్తున్నాను చూడు, నలభై ఏళ్ళలో మొక్క గురించి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

లోడు అవుతుంటే మీ పిన్ని ఒక్కో కుండీకీ బొట్టు పెడతానంది. వద్దన్నాను. ఇప్పటికే పెట్టిన బొట్టు చాలు.

చంద్రరావు.


హైదరాబాద్,
15 నవంబరు.

బాబాయిగారికి,

నిన్న మధ్యాహ్నం తెరుచుకుంది.

ఫోటోలు చాలావరకు పోయాయి. చిట్టా మాత్రం చెక్కుచెదరలేదు. ఆరు వందల నలభై వరసలు. ఏ పువ్వు పుప్పొడి ఏ పువ్వుకి పెట్టారో, ఏ తేదీనో, మొలక ఎప్పుడు వచ్చిందో. చివర ఒక గడి ఉంది. దాని పేరు "చంద్రం". అది చూసి ముందు నాకు అర్థం కాలేదు. ఆ గడి పైన నాన్న రాసుకున్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఒక్క అక్షరం కూడా నాది కాదు.

"చంద్రం పనికిరాదన్న మొక్కని రెండోసారి చూడాలి. తేడా నాకంటే ముందు వాడి కంటికి కనపడుతుంది. అది మంచి తేడా అని మాత్రం వాడికి తెలియదు. మన పేరు నిలబెట్టిన మూడు రకాలూ వాడు పెంటకుప్పలో పారేస్తే తెచ్చుకున్నవే. వాడికి చెప్పకూడదు. చెప్తే జాగ్రత్తపడతాడు, కన్ను చెడిపోతుంది."

తాళం అందుకు వేయించుకున్నారు బాబాయ్. మీరు దొంగిలిస్తారని కాదు. మీరు చదువుతారని.

ఆ గడిలో చాలావాటికి ఏమీ లేదు. మీరు "బాగుంది" అన్నవాటిని నాన్న పట్టించుకోలేదు. మీరు ఉంచిన ఇరవై నాలుగు నంబర్లూ పిన్నిని ఫోనులో అడిగి చూసుకున్నాను. అన్నిటికీ ఖాళీయే. నాలుగు వందల పన్నెండు దగ్గర మాత్రం ఇలా ఉంది: "చంద్రం మూడుసార్లు పీకి పారేశాడు. మూడుసార్లూ మళ్ళీ పెట్టాను. ఉల్లితొక్క రంగు. మూడో రోజు సాయంత్రం కూడా ముడుచుకోలేదు. దొరికింది."

చదివి లిఫ్టు దగ్గరికి పరిగెత్తాను. కుండీ అక్కడే ఉంది. బిళ్ళ మట్టిలో కూరుకుపోయింది. వేలితో గీకి చూశాను. 412.

మూడు రోజులు పూసిందని మీకు రాసింది నేను. అది నాన్న పువ్వని నాకు తెలియలేదు. రాస్తే మీరు నమ్మలేదు. నన్ను మీరు వెక్కిరించారని కోపం వచ్చి కొమ్మలన్నీ కత్తిరించింది నేను. మీరు కాలవలో కలిపినదాన్నీ, చెరిపినదాన్నీ వెనక్కి తెచ్చాను. నేను కత్తెరతో చేసినదానికి నకలు లేదు. ఇప్పుడు జానెడు మొదలుంది. ఒక పక్క ఎండింది, ఇంకో పక్క ఒక కణుపు పచ్చగా ఉన్నట్టుంది. పచ్చగా ఉందో, నాకు అలా కనపడుతోందో తెలియదు.

బుల్లియ్యతో పంపుతున్నాను. ఒడిలో పెట్టుకుని రమ్మన్నాను. లారీ నడిపేవాడు ఒడిలో ఎలా పెట్టుకుంటాడని అడిగాడు. క్లీనర్ సీట్లో పెట్టి తాడు కట్టాం. మీ చేతులు తప్ప దానికి ఇక దిక్కు లేదు. ఇది వెటకారం కాదు.

దుర్గ.


కడియపులంక,
12 డిసెంబరు.

చిరంజీవి దుర్గకి బాబాయి దీవెనలు.

నీ మొక్క చేరిన రోజునే మీ పిన్ని దాన్ని దేవుడి గూటి దగ్గర పెట్టబోయింది. ముట్టుకోనివ్వలేదు. టీ పోసిన మట్టంతా కడిగి చూస్తే వేరు కుళ్ళిపోయింది. కణుపులు మాత్రం రెండు బతికున్నాయి. నువ్వు ఒకటే చూశావు, నీకు అంతే కనపడుతుంది. ఎర్ర మందారం మొదళ్ళ మీద రెండు అంట్లు కట్టాను. అన్నయ్య అంటుకత్తితోనే కట్టాను. మొదటిది సరిగ్గా కుదరక విప్పి మళ్ళీ కట్టాను. ఈ సంగతి మీ పిన్నికి కూడా చెప్పలేదు, నీకు రాస్తున్నాను.

అన్నయ్య రాసిన ఆ పేజీ అచ్చు తీసి పంపు. "తేడా వాడి కంటికి కనపడుతుంది" అన్న చోటు అచ్చు పెద్దదిగా ఉండాలి, నాకూ ఇప్పుడు సన్నవి కనపడటం లేదు. మిగతాది చిన్నదిగా ఉన్నా పరవాలేదు. నలభై ఏళ్ళు పక్కన కూర్చుని ఒక్కరోజు ఆ మాట నోటితో అనలేకపోయాడు. నా మాట ఒకటి విని ఉంటే బాగుండునని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అన్నీ విన్నాడన్నమాట.

ఒక అంటు పోయింది. రెండోది మొన్న చిగురు పెట్టింది. నాలుగు ఆకులున్నాయి, నాలుగూ ముడతలే. కాండం వంకర. ఎదిగే లక్షణం ఒక్కటీ లేదు. నా కంటికైతే పారెయ్యాలనే ఉంది.

కాబట్టి నువ్వు ధైర్యంగా ఉండు.

మీ బాబాయి,
చంద్రం.